పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ కనిపిస్తే చాలు ఎర్ర చుక్క పెట్టేసే యాప్: సీజన్ మొత్తం వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర స్టార్లు. ఇది ఎన్‌ఎఫ్‌ఎల్ ఫాంటసీ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు తెచ్చుకునే పోటీ) ఆడేవాళ్లకి అమ్మే గాయాల అంచనా సర్వీసు. నెలకి పది డాలర్ల లోపే, ఏడాదికి ఒకేసారి కడితే ఇంకాస్త తగ్గుతుంది. ప్రతి ఆటగాడికీ వారంవారం సున్నా నుంచి వంద దాకా ఒక రిస్క్ స్కోరు ఇస్తుంది, పక్కనే ఆకుపచ్చదో పసుపుదో ఎర్రదో ఒక చుక్క. పేరు రాయడం లేదు, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క కంపెనీతో కాదు, రిస్క్‌ని ఇలా లెక్కగట్టే పద్ధతితో. రన్నింగ్ బ్యాక్‌లు (బంతి మోసుకుని పరిగెత్తేవాళ్లు), రిసీవర్ల (విసిరిన బంతి పట్టేవాళ్ల) సంగతి పక్కన పెట్టి ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌ల గురించే, అంటే ప్రతి ప్లేలో బంతి అందుకుని విసిరేవాళ్ల గురించే రాస్తాను, అందులోనూ పరిగెత్తేవాళ్ల గురించి. డబ్బులు పెట్టి కొనేవాళ్లు ఎక్కువగా చూసేది వాళ్ల స్కోరే, యాప్ బోల్తా పడేదీ అక్కడే.

అసలు వాళ్ల మీద ఇంత గోల ఎందుకో ఫాంటసీ ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. మామూలు లీగుల్లో 25 గజాల పాసింగ్‌కి ఒక పాయింటు, 10 గజాల పరుగుకి ఒక పాయింటు. పాస్‌తో టచ్‌డౌన్ (బంతి అవతలి గీత దాటడం) వస్తే 4, తనే బంతి మోసుకెళ్లి గీత దాటితే 6. అంటే ఆటకి 50 గజాలు పరిగెత్తేవాడికి ఆ ఐదు పాయింట్లు ఊరికే వచ్చినట్టు, పాకెట్‌లో, అంటే సొంత లైన్‌మన్‌లు కాపు కాసే చోట, నిలబడి విసిరేవాడు అవే ఐదు తెచ్చుకోవాలంటే అదనంగా 125 గజాలు విసరాలి. 2019లో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ 1,206 గజాలు పరిగెత్తాడు, అంతకుముందు క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు 2006లో మైకేల్ విక్ తీసిన 1,039. ఆ 1,206 గజాలకే 120 పాయింట్లు, అతను విసిరిన 36 టచ్‌డౌన్లని ఇంకా ముట్టుకోకుండానే. అలాంటివాణ్ణి డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్లని వరసగా ఎంచుకునేటప్పుడు) పైపైనే తీసుకున్నాక, నవంబర్‌లో ఏదో ఒక ఆటలో మోకాలు పట్టుకుని కూర్చుండిపోతే ఇక మన సీజన్‌కి మంగళం పాడేసినట్టే. ఆ టెన్షన్ ఉంది చూశారూ, ఈ సర్వీసు అమ్మేది దాన్నే.

యాప్ తెరవగానే మన జట్టులో ఉన్నవాళ్ల పేర్లు, పేరు పక్కన అంకె, అంకె పక్కన రంగు. చూడ్డానికి బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అంకె మీద నొక్కితే అది ఎలా వచ్చిందో ఒక పట్టీ కిందికి జారుతుంది: వయసు, పాత గాయాలు, మైదానంలో ఉన్నది నిజమైన గడ్డా కృత్రిమమైనదా, రెండు ఆటల మధ్య ఎన్ని రోజుల విశ్రాంతి దొరికింది. వీటన్నిటికీ పైన, అన్నిటికంటే లావుపాటి గీతతో, 'క్యారీల భారం', అంటే బంతి మోసుకుని ఎన్నిసార్లు పరిగెత్తాడన్నది. క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గరికి వచ్చేసరికి ఈ ఒక్క గీత మిగతావాటన్నిటినీ మింగేస్తుంది. ఎక్కువసార్లు పరిగెత్తినవాడు ఎరుపు, నిలబడి విసిరినవాడు ఆకుపచ్చ, అంతే సంగతులు.

ఈ క్యారీలని ఎలా లెక్కపెడుతున్నారో నాకు ఒక సోమవారం పొద్దున అర్థమైంది. ముందురోజు నా క్వార్టర్‌బ్యాక్ దాదాపు పరిగెత్తనే లేదు. వాళ్ల టీమ్ గెలుపు ఖాయమైపోయింది కాబట్టి చివర్లో స్నాప్ (ప్లే మొదట్లో వెనక్కి అందించే బంతి) తీసుకోవడం, మోకాలు నేలకి ఆనించడం, గడియారం నడవనివ్వడం, మళ్లీ అదే పని. అవతలివాళ్లు ఒక్కరు కూడా అతన్ని ముట్టుకోలేదు, ఇద్దరు ముగ్గురైతే అప్పటికే హెల్మెట్లు తీసేసి కబుర్లలో పడ్డారు. పొద్దున చూస్తే స్కోరు పెరిగింది, పసుపు కాస్తా ఎరుపైంది, కారణం దగ్గర 'క్యారీల భారం పెరిగింది' అని ఉంది. విషయం ఏమిటంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారిక లెక్కల్లో ఇలా మోకాలు ఆనించే నీల్-డౌన్ కూడా రషింగ్ అటెంప్టే (పరుగు ప్రయత్నమే), మామూలుగా మైనస్ ఒక గజం అని రాస్తారు. యాప్ ఆ పట్టికని ఉన్నదున్నట్టు ఎత్తిపెట్టుకుంది. మరోవైపు శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాలు) ఆ పట్టికలో ఉండవు, అవి పాసింగ్ ఖాతాలో పడతాయి. అంటే మూడొందల పౌండ్ల మనిషి వెనకనుంచి వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని నేలకేసి కొడితే ఆ లావు గీత కదలదు, ఎవరూ తాకకుండా అతను తనంతట తాను మోకాలు వంచితే మాత్రం పెరుగుతుంది! కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే 'మీ సూచనని సంబంధిత టీమ్‌కి పంపాం' అని ఒక రెడీమేడ్ జవాబు వచ్చింది. సీజన్ అయ్యేదాకా ఏమీ మారలేదు.

సరే, నీల్-డౌన్ అనేది సాఫ్ట్‌వేర్ తప్పు, తలుచుకుంటే ఒక పూటలో దిద్దుకోవచ్చు. అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. ఈ యాప్ దృష్టిలో పరుగంటే పరుగే, ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ తేడా లేదు.

తేడా ఎందుకు లేదు! కోచ్ ముందే గీసి ఇచ్చిన డిజైన్డ్ రన్‌లో తను పరిగెత్తబోతున్నానని క్వార్టర్‌బ్యాక్‌కి స్నాప్‌కి ముందే తెలుసు. బంతి చంకలో బిగించి ఉంటుంది, ముందు బ్లాకర్లు ఉంటారు, కొట్టడానికి వచ్చేవాడు ఎక్కువగా కళ్లెదురుగానే వస్తాడు. స్క్రాంబుల్ వేరు, పాస్ కుదరక, పాకెట్ కూలిపోయి, దొరికిన సందులోంచి బయటపడి పరిగెత్తడం అది. కానీ అక్కడా చాలాసార్లు ఎదురుగా ఖాళీ కనపడింది కాబట్టే పరిగెడతాడు, సైడ్‌లైన్ దగ్గర్లోనే ఉంటుంది, దెబ్బ తప్పదనిపిస్తే స్లైడ్ చేసి కూర్చోవచ్చు. ఇక స్నీక్ అంటే ఒక గజం కోసం గుంపు మధ్యలోకి దూరిపోవడం, చూస్తే దానంత భద్రమైనది ఇంకోటి లేదనిపిస్తుంది. అయితే 2019 అక్టోబర్ 17న డెన్వర్‌లో పాట్రిక్ మహోమ్స్ మోకాలి చిప్ప పక్కకి జరిగిపోయింది అలాంటి స్నీక్‌లోనే. రెండు ఆటలు కూర్చున్నాడు, ఆ సీజన్ చివరికి సూపర్ బౌల్ గెలిచాడనుకోండి, అది వేరే సంగతి. ఫిలడెల్ఫియా వాళ్లేమో జేలన్ హర్ట్స్‌ని వెనకనుంచి నెట్టి నెట్టి టష్ పుష్ అని దాన్నొక ఆయుధంగా మార్చుకున్నారు, నిషేధించమని గ్రీన్ బే పెట్టిన ప్రతిపాదన 2025 మేలో 22-10 దగ్గర ఆగిపోయింది, నెగ్గాలంటే 24 ఓట్లు కావాలి. మరి హర్ట్స్ భుజం ఎక్కడ దెబ్బతింది? 2022 డిసెంబర్ 18న చికాగోలో, మామూలు పరుగులో, పైన డిఫెండర్ బరువుతో సహా నేలకి గుద్దుకుని. తర్వాత రెండు ఆటలు అతను ఆడలేదు, ఫిలడెల్ఫియా రెండూ ఓడింది.

పరుగులో ప్రమాదమే లేదని నేననడం లేదు, అలా అంటే ఆంథొనీ రిచర్డ్‌సన్ పేరు చెప్పి ఎవరైనా నా నోరు మూయించగలరు. 2023 డ్రాఫ్ట్‌లో ఇండియానాపోలిస్ అతన్ని నాలుగో స్థానంలో తీసుకుంది. రెండో వారంలో హ్యూస్టన్ మీద టచ్‌డౌన్ పరుగులో కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం), అక్టోబర్ 8న టెనెసీ మీద ఇంకో పరుగులో విసిరే చేతి భుజం కీలు, సర్జరీ, నాలుగు ఆటలతో మొదటి సీజన్ సరి. కైలర్ మర్రేకయితే 2022 డిసెంబర్ 12న న్యూ ఇంగ్లండ్ మీద మూడో ప్లేలోనే, ఎవరూ తాకకుండానే, పరిగెడుతూ పక్కకి తిరగబోతే ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగింది. ఇవన్నీ నిజాలే. యాప్‌లో ఎర్ర చుక్క ఊరికే ఊడిపడలేదు.

అయితే ఆకుపచ్చ చుక్కల సంగతో? 2008 సెప్టెంబర్ 7న టామ్ బ్రేడీ ఎక్కడికి పరిగెత్తాడు? సీజన్ మొదటి ఆట, మొదటి క్వార్టర్, పాకెట్‌లో నిలబడి బంతి విసురుతుంటే బెర్నార్డ్ పొలార్డ్ కింద నుంచి వచ్చి మోకాలికి తగిలాడు, ఏసీఎల్, ఎంసీఎల్ అనే మోకాలి లిగమెంట్లు రెండూ పోయాయి, సీజన్ అక్కడితో అయిపోయింది. ఆరన్ రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్ తరఫున మొదటి ఆటలో, 2023 సెప్టెంబర్ 11న, నాలుగో స్నాప్‌కే అకిలీస్ టెండన్ (మడమ వెనక స్నాయువు) తెంపుకున్నాడు, అదీ శాక్‌లోనే. జో బరో మోకాలు 2020 నవంబర్‌లో వాషింగ్టన్‌లో పాకెట్‌లోనే పోయింది, 2025 రెండో వారంలో కాలి బొటనవేలు దెబ్బతిని సర్జరీ దాకా వెళ్లిందీ శాక్ వల్లే. ఆ వారం బరో పక్కన ఈ యాప్‌లో ఎంత చక్కటి ఆకుపచ్చ ఉందో నాకింకా గుర్తుంది.

ఇంకొకటి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1985 నవంబర్ 18న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు లారెన్స్ టేలర్ శాక్‌లో విరిగింది. సరిగ్గా 33 ఏళ్ల తర్వాత, అదే నవంబర్ 18న, అదే వాషింగ్టన్ టీమ్‌కి ఆడుతూ ఆలెక్స్ స్మిత్ కాలు విరిగింది, అదీ శాక్‌లోనే. స్మిత్‌కి ఇన్‌ఫెక్షన్ వచ్చి 17 సర్జరీలయ్యాయి, కాలు ఉంటుందా పోతుందా అన్నదాకా వెళ్లి, 2020 అక్టోబర్‌లో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఇద్దరూ దెబ్బ తగిలినప్పుడు పరుగులో లేరు.

కాస్త ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పాకెట్‌లో విసిరేవాడి ముందు కాలు నేలలో పాతుకుని ఉంటుంది, ఒంటి బరువంతా దాని మీదే. కళ్లు ముప్పై గజాల అవతల ఉన్న రిసీవర్ మీద. చెయ్యి పైకి లేచి పక్కటెముకలు మొత్తం తెరిచి ఉంటాయి. చుట్టూ తోపులాట, సొంత లైన్‌మన్ వెనక్కి జారి కాలి మీద పడినా పడొచ్చు. దెబ్బ వస్తోందని తెలియకుండా తినేది అక్కడే. పరిగెత్తేవాడికి కాళ్లు కదులుతుంటాయి, వచ్చేవాడు కనపడతాడు, చివరి క్షణంలో భుజం తిప్పుకోవడానికైనా వీలుంటుంది. అందుకే క్వార్టర్‌బ్యాక్ ఎన్నిసార్లు పరిగెత్తాడన్నది ఒక్కటే పట్టుకుంటే లాభం లేదు, ఎన్ని దెబ్బలు తిన్నాడు, ఏ భంగిమలో తిన్నాడు అన్నది చూడాలి. దీనికి లెక్కలు లేక కాదు. శాక్‌లకి, విసిరిన తర్వాత తగిలే క్వార్టర్‌బ్యాక్ హిట్‌లకి విడివిడిగా లెక్కలున్నాయి, స్క్రాంబుల్‌ని డిజైన్డ్ రన్‌ని విడదీసి ఇచ్చే డేటా కూడా ఉంది. వీళ్లు వాడుకోలేదు, అంతే. డబ్బులు తీసుకునే సర్వీసు ఉచితంగా దొరికే బాక్స్ స్కోర్ పట్టికతో సరిపెట్టుకుంటే ఎలా?

అన్నిటికంటే నవ్వొచ్చేది లామార్ పేజీ. సీజన్ పొడుగునా ఎర్ర చుక్కే, కింద వ్యాఖ్యానంలో 'అధిక రన్నింగ్ భారం' అని. పాత గాయాల జాబితా కూడా వాళ్లే ఇచ్చారు, దాని తేదీలు చూసి ఆ ప్లేలు వెతికితే చాలు, వాళ్ల వాదన వాళ్ల పేజీలోనే చిరిగిపోతుంది. 2021 డిసెంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో చీలమండ దెబ్బతిన్నది బంతి విసిరిన వెంటనే తగిలిన దెబ్బకి. 2022 డిసెంబర్ 4న డెన్వర్ మీద మోకాలిలో పీసీఎల్ అనే లిగమెంట్ దెబ్బతిన్నది శాక్‌లో. ఏడాదికి వెయ్యి గజాలు పరిగెత్తిన మనిషి రెండు సీజన్ల చివరి ఆటలు కోల్పోయింది పరిగెత్తనప్పుడు తగిలిన దెబ్బలకి! 2023లో మళ్లీ వచ్చి రెండో ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు) పట్టుకెళ్లాడు. యాప్ ఈ రెండు గాయాలనీ 'రన్నింగ్ భారం' ఖాతాలోనే వేసుకుంది, ఎవరూ వీడియో చూసిన పాపాన పోలేదు.

పరిగెత్తడంలో పనితనం అనేది కూడా ఒకటుంది, దానికి ఈ పట్టీలో గీతే లేదు. రసెల్ విల్సన్ 2012లో లీగ్‌లోకి వచ్చినప్పటి నుంచి 2021 అక్టోబర్ దాకా గాయంతో ఒక్క ఆట మానలేదు, అందులో 2014లో 849 గజాలు పరిగెత్తాడు కూడా. చివరికి అతన్ని ఆపిందేమిటి? బంతి విసిరిన ఊపులో చెయ్యి ఆరన్ డోనల్డ్‌కి తగిలి వేలు దెబ్బతినడం. విల్సన్ బేస్‌బాల్ ఆడినవాడు, కొలరాడో రాకీస్ మైనర్ లీగ్ జట్లలో ఆడాడు, కాబట్టి స్లైడ్ అతనికి చిన్నప్పటి అలవాటు, ఎప్పుడు కూర్చోవాలో ఒంటికే తెలుసు. జోష్ ఆలెన్ దారి పూర్తిగా వేరు, ఆరడుగుల ఐదంగుళాల మనిషి, 237 పౌండ్లు, ఢీకొట్టడానికి వచ్చినవాడే ఆలోచించుకోవాలి. 2018లో మోచేతి గాయంతో నాలుగు ఆటలు మానాక 2024 సీజన్ చివరిదాకా గాయం పేరుతో ఒక్క రెగ్యులర్ సీజన్ ఆట కూడా వదల్లేదు. ఇద్దరూ పరిగెత్తేవాళ్లే, ఒకరు దెబ్బ తప్పించుకుని బతికారు, ఒకరు తట్టుకుని బతికారు. యాప్ మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది.

దానికి తిరుగు ఉదాహరణ తువా టాగోవైలోవా. పెద్దగా పరిగెత్తడు కాబట్టి వీళ్ల లెక్కలో క్యారీల భారం దాదాపు లేనట్టే. కానీ 2024 సెప్టెంబర్ 12న బఫలో మీద ఫోర్త్ డౌన్‌లో (నాలుగో, చివరి ప్రయత్నంలో) బయటపడి పరిగెత్తి, స్లైడ్ చేసి కూర్చోకుండా, తల ముందుకి పెట్టి నేరుగా డమార్ హామ్లిన్ మీదికి పోయాడు. కంకషన్, అదీ అంతకుముందు కంకషన్లున్న మనిషికి, నాలుగు ఆటలు పోయాయి. రోజూ పరిగెత్తేవాడికి తెలిసినది ఎప్పుడో ఒకసారి పరిగెత్తేవాడికి తెలియకపోవడమే అక్కడ ప్రమాదం, నా మటుకు నేను అతన్ని పసుపులో పెట్టేవాణ్ణి.

రూల్స్ మాట కూడా ఎక్కడా లేదు, అది ఇంకో పెద్ద లోటు. పాకెట్‌లో ఉన్న పాసర్‌ని తల మీద కొట్టకూడదు, మోకాళ్ల మీదికి దూకకూడదు (ఇది బ్రేడీ గాయం తర్వాత 2009లో గట్టిచేశారు), పూర్తి బరువుతో మీద పడకూడదు. అదే మనిషి బంతి చంకలో పెట్టుకుని పరుగు మొదలుపెట్టాడంటే ఈ రక్షణలు చాలావరకు పోతాయి, అందరు రన్నర్లలాగే అతన్నీ కొట్టొచ్చు. మళ్లీ కాళ్లు ముందుకి పెట్టి స్లైడ్ చేస్తే ఆట ఆగినట్టే, అప్పుడు కొట్టకూడదు. కొట్టరని మాత్రం లేదు. 2024 డిసెంబర్ 1న ట్రెవర్ లారెన్స్ స్లైడ్ చేస్తుంటే హ్యూస్టన్ లైన్‌బ్యాకర్ అజీజ్ అల్-షాయర్ వచ్చి కొట్టాడు, లారెన్స్‌కి కంకషన్, అల్-షాయర్‌కి మూడు ఆటల సస్పెన్షన్. ఆలస్యంగా మొదలుపెట్టిన స్లైడ్ ఇంకా ప్రమాదం, డిఫెండర్ అప్పటికే దూకేసి ఉంటాడు, గాల్లో ఉన్నవాడు వెనక్కి రాలేడు. ఎవరు తొందరగా కూర్చుంటారు, ఎవరు ఇంకో రెండు గజాల కోసం ఆశపడతారు అన్నది నాలుగు ఆటలు చూస్తే మనకే తెలిసిపోతుంది. దానికోసం ఆల్గరిథం అక్కర్లేదు.

ఇప్పుడు మంచి మాటలు, ఎందుకంటే రెండున్నర స్టార్లు ఊరికే ఇవ్వలేదు. ఇందులో నాకు బాగా నచ్చినది 'తిరిగి ఆడే రిస్క్' అనే భాగం, కొత్త గాయం వస్తుందా అని కాకుండా ఉన్న గాయంతో ఆడితే ఏమవుతుందో చెప్పేది. ఒక స్పోర్ట్స్ డాక్టర్ చిన్న వీడియోల్లో మామూలు చీలమండ బెణుకుకీ హై యాంకిల్ స్ప్రెయిన్‌కీ (చీలమండ పైభాగం బెణుకుకీ) తేడా, పరిగెత్తి ఆడేవాడికి రెండోది ఎందుకు వారాల తరబడి వదలదో, భుజం కీలు గాయం విసిరే చేతిదైతే ఒకలా, రెండో చేతిదైతే ఇంకోలా ఎందుకుంటుందో బొమ్మ గీసి చెప్తాడు. ఇది మాత్రం డబ్బులకి తగ్గ సరుకు.

ఈ భాగం 2012లో ఉంటే రాబర్ట్ గ్రిఫిన్ పేజీ ఎలా ఉండేదా అని చాలాసార్లు అనుకున్నాను. వాషింగ్టన్ రూకీ (లీగ్‌లో మొదటి ఏడాది ఆటగాడు), ఆ ఏడు 815 గజాలు పరిగెత్తాడు, రూకీ క్వార్టర్‌బ్యాక్‌లలో అప్పటికి రికార్డు, 2024లో అదే వాషింగ్టన్‌కి ఆడుతూ జేడెన్ డేనియల్స్ 891తో దాటేదాకా. 2012 డిసెంబర్ 9న బాల్టిమోర్ మీద స్క్రాంబుల్ చివర్లో, అంటే దాదాపు పరుగు అయిపోయాక, హలోటి న్గాటా వచ్చి తగిలితే కుడి మోకాలు పక్కకి వంగింది. ఒక్క ఆట మానాడు. మోకాలికి బ్రేస్ వేసుకుని మళ్లీ దిగాడు, టీమ్ ప్లేఆఫ్‌కి వెళ్లింది. 2013 జనవరి 6న సియాటిల్ మీద, సొంత మైదానంలో, ఆట మొదటి క్వార్టర్‌లోనే కుంటడం మొదలైంది, టీవీలో చూసే ప్రతివాడికీ కనపడుతోంది, కోచ్ మైక్ షనహాన్ మాత్రం కొనసాగించాడు. నాలుగో క్వార్టర్‌లో స్నాప్ అదుపు తప్పి నేల మీద పడింది, దాన్ని అందుకోబోయి వంగితే ఆ మోకాలు మడతపడిపోయింది. ఎవరూ కొట్టలేదు. ఏసీఎల్, ఎల్‌సీఎల్ రెండూ. 2013 సీజన్ మొదటి ఆటకల్లా తిరిగొచ్చాడు, కానీ ఆ మొదటి ఏడాది గ్రిఫిన్ మళ్లీ కనపడలేదు. రన్నింగ్ క్వార్టర్‌బ్యాక్‌లకి ఇదీ గతి అని ఈ కథని పదే పదే చెప్తారు, నాకైతే ఇందులో పరుగు కంటే ఆ నాలుగు వారాల నిర్ణయాలే ఎక్కువ కనపడతాయి. కాళ్ల మీద బతికే ఆటగాణ్ణి సగం కాలితో ఆడించడం అది. అలాంటి పరిస్థితిలో ఈ యాప్ ఇచ్చే హెచ్చరిక నిజంగా పనికొస్తుంది. ఒకసారి నేను దాన్ని నమ్మి చీలమండ నొప్పితో దిగుతున్న నా క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన పెట్టాను, అతను ఆడాడు గానీ ఆట మొత్తం పాకెట్ దాటి రాలేదు, పరుగు పాయింట్లు సున్నా.

నోటిఫికేషన్లు కూడా బాగానే వస్తాయి. బుధ, గురు, శుక్రవారాల్లో టీమ్‌లు ఇచ్చే ప్రాక్టీస్ రిపోర్టు, ఎవరు పూర్తిగా చేశారు, ఎవరు కొంతే చేశారు, ఎవరు అసలు రాలేదు అన్నది, వెంటనే ఫోన్‌కి వచ్చేస్తుంది. ఆటకి 90 నిమిషాల ముందు ఆడనివాళ్ల జాబితా కూడా అంతే. కాకపోతే ఇవి ఉచితంగా బోలెడు చోట్ల దొరుకుతాయి. 'ఎన్ని వారాలు పడుతుంది' అనే అంచనా మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2022లో లామార్ మోకాలికి కోచ్ జాన్ హార్బా రోజులో వారాలో అన్నట్టు చెప్పాడు, అతను ఆ సీజన్‌లో ఇంక ఆడనే లేదు, ప్లేఆఫ్‌లో కూడా. టీమ్‌లే చెప్పలేనిది, ఒక్కోసారి చెప్పడానికి ఇష్టపడనిది, బయటి యాప్ ఏం చెప్తుంది?

డబ్బుల దగ్గర ఒక హెచ్చరిక. ఉచిత ట్రయల్ అని మొదలుపెడితే అది నెల ప్లాన్‌లోకి కాదు, ఏడాది ప్లాన్‌లోకి పోతుంది. చిన్న అక్షరాల్లో రాసే ఉంది, మోసం అనను, కానీ ఫుట్‌బాల్ లేని మార్చి, ఏప్రిల్ నెలలకి కూడా గాయాల అంచనాకి డబ్బు కట్టేవాడు ఎవడుంటాడు? వాపసు అడిగితే మిగిలిన నెలలకి క్రెడిట్ ఇస్తామన్నారు, డబ్బు ఇవ్వలేదు.

ఎవరు తీసుకోవచ్చంటే, లీగ్‌లో ఇంజర్డ్ రిజర్వ్ స్థానాలు (గాయపడ్డవాళ్లని విడిగా ఉంచుకునే చోట్లు) ఎక్కువుండి, రన్నింగ్ బ్యాక్‌లని వారంవారం మార్చుకుంటూ ఆడేవాళ్లు ఒక చూపు చూడొచ్చు, బరువు మోసేవాళ్ల విషయంలో క్యారీల లెక్క కొంతైనా అర్థవంతంగా ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ కోసమే అయితే వద్దు. లామార్‌నో హర్ట్స్‌నో డేనియల్స్‌నో ఎర్ర చుక్క చూసి డ్రాఫ్ట్‌లో వదిలేయకండి, వాళ్ల ముందు ఉన్న అఫెన్సివ్ లైన్ ఎలా ఉందో చూడండి, ముందు ఏడాది ఎన్ని శాక్‌లు తిన్నారో చూడండి, బెంచి మీద ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకోండి. అయినా కావాలనుకుంటే సెప్టెంబర్‌లో నెల ప్లాన్ తీసుకుని డాక్టర్ వీడియోలన్నీ చూసేయండి, పాతవి కూడా అక్కడే ఉంటాయి. ఆటో రెన్యువల్ ఆపే బటన్ యాప్ సెట్టింగ్స్‌లో దొరకదు, వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బిల్లింగ్ పేజీ అట్టడుగుకి వెళ్తే బూడిద రంగు అక్షరాల్లో ఉంటుంది. ఆపాక కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చిందో లేదో చూసుకోండి, నాకు మొదటిసారి రాలేదు, మళ్లీ నొక్కితే వచ్చింది.